పుచ్చురాయి

విజయనగరంలో, కోట వెనక రెండో సందులో
మా డాక్టరమ్మ పళ్ళాసుపత్రి.
బెంచీలకు ఎదురుగా మూడడుగుల గాజుతొట్టె.
అందులో ఉన్నది చింతపల్లి సముద్రం.
పాలకేనుల్లో, ఆటోలో,
పూసపాటిరేగ గతుకుల మీద
సగం ఒలికి, సగం మిగిలి వచ్చింది.

నేను కాంపౌండర్ని.
దవడలకు దూది, చేపలకు మేత,
రెండూ నా డ్యూటీయే.

నీళ్ళతోపాటు ఒక రాయి కూడా వచ్చింది.
కన్నాలు కన్నాలుగా,
అచ్చం పుచ్చిన దవడపన్ను.

లైటు వేస్తే ఏదో చటుక్కున లోపలికి పోతోందని
ఒక రాత్రి టార్చికి ఎర్రకాయితం చుట్టి కూర్చున్నాను.
జానెడు పురుగు బయటికొచ్చింది.
ఇటుకరంగు ఒళ్ళు, రెండు పక్కలా తెల్లటి కుచ్చులు,
పాత పట్టుచీరకి అంచు పీచులేచినట్టు.
ఎవరో పారేసిన అప్పుల చీటీ చదువుతున్నట్టు
ఇసకని రవ్వ రవ్వగా తడుముకుంటూ పోయింది.

"పురుగుందండీ" అన్నాను పొద్దున్నే.
"పంట్లో పురుగుండదు తవిటయ్యా,
ఎన్నేళ్ళు పనిచేసినా అదే మాటా?"
"పంట్లో కాదండీ. రాతిలో."

సోమవారం నారింజచారల చేప చచ్చిపోయింది.
పురుగు దాని పొట్టమీదే ఉంది,
పట్టపగలు, పదకొండుమంది పేషెంట్ల ముందు.
నోట్లో దూది ఉన్న పెద్దాయన కూడా
చెయ్యెత్తి తీర్పు చెప్పేశాడు.
శవం పక్కన దొరికినవాడికి
సాక్షులు ఎప్పుడూ ఎక్కువే.

సెలైన్ గొట్టంలో రొయ్యముక్క పెట్టి వలపన్నాను.
నాలుగు రాత్రుల్లో ఇరవై మూడు.
ఒకదాన్ని ఉత్తచేత్తో పట్టుకున్నాను, పొగరు.
గాజుపొడిలాంటి ముళ్ళు చూపుడువేల్లో దిగబడ్డాయి.
డాక్టరమ్మ పళ్ళు పీకే ఓపికతో
ప్లాస్టరు అంటించి లాగింది, వెనిగర్ రాసింది.
మూడురోజులు ఆ వేలు నాది కాదు.
అబద్ధమెందుకు, ఆ మూడురోజులూ
దాని జాతి మొత్తాన్నీ తిట్టాను.

తొమ్మిదోనాటికి తొట్టె కంపు మొదలైంది.
ఇసక అడుగున నలుపు, గాజుకి పచ్చటి పాచి,
మిగిలిన చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి
కుర్చీలో కూర్చోబెట్టిన పేషెంట్లలా.

కొత్తనీళ్ళు తెచ్చిన సూరాడ గురన్న
ముక్కు మూసుకుని నవ్వేడు.
"ఎరపురుగుల్ని ఏరి పారీసినారేటి?
అది సంపీది కాదు బాబూ,
సచ్చినదాన్ని ఎత్తీది."
కాస్త ఆగి మళ్ళీ తనే అన్నాడు:
"అలగని అన్నీ మంచివనీ కాదు.
లావుగా, ఎర్రగా ఉండీది ఒకటుంటది,
బతికున్న రాతిపువ్వునీ నమిలీసుద్ది.
సూసుకోవాల మరి.
అయినా ఇన్నెలగ పుట్టినాయి?
ఎవులు ఏస్తన్నారు ఇంతలేసి మేత?"

బెంచీ వైపు చూశాను.
పన్ను నొప్పికి బన్ను తినలేని గుంటడు
ముక్కలు తుంచి తొట్టెలోకి జారవిడుస్తున్నాడు.
పక్కనే వాళ్ళమ్మ బిస్కట్టు పొడి.
పొద్దున్నే ఎవరూ చూడకుండా
ప్రేమకొద్దీ నేను వేసే రెండో చిటికెడు.
ఎవరికి వారం కొంచెమే వేశాం.
తినగా మిగిలినదంతా రాత్రిపూట
కాళ్ళూ కుచ్చులూ మొలిచి తిరిగింది.

నిన్నరాత్రి మళ్ళీ ఎర్రకాయితం టార్చి.
రాతిలో, లోపలి కన్నంలో,
వేలి కణుపంత ఒక్కటి,
ముందు తల, తరవాత అనుమానం, తరవాత ఒళ్ళు.

పొద్దున్న డాక్టరమ్మ అడిగింది,
"ఏం తవిటయ్యా, ఇంకా ఉన్నాయా?"
"పంట్లో పురుగుండదు కదండీ" అన్నాను.

మేత ఇప్పుడు చిటికెడులో సగం.
చూపుడువేలు మాత్రం
నీళ్ళలో మునగబోయే ముందు
ఒక్క క్షణం ఆగుతుంది.