ఇరవై రెండు నిమిషాలు

షార్జా సనాయియా, పదో నంబరు.
పొద్దుగాల ఆరున్నరకే
రేకుల షెడ్డు పెనం లెక్క కాగుతాంది.
బండిని ర్యాంపు మీదికెక్కించి దిగిన.
"ఏం తకలీఫు?" అన్నడు షేర్ జమాన్ ఉస్తాద్.
"ఎడమకు గుంజుతాంది."
"ఎన్నొద్దుల సంది?"
మూడు నెలలు. "మొన్నటి సంది" అన్న.

నాది లాండ్రీ బండి.
వెనక అడ్డం కమ్మికి ఏలాడేటివి కందూరలు,
తెల్లటియి, ఇస్త్రీ మడత విరగనియి, నలభయ్యో యాభయ్యో.
సీద రోడ్డు మీద గూడ అవి
మెల్లగ జరిగి జరిగి
ఎడమ దిక్కు ఒక్కకాడ కుప్పవడ్తయి,
బస్సుల ఆడోళ్ళకు జాగిచ్చిన మొగోళ్ళ లెక్క.
ఇది జెప్తే ఉస్తాద్ నవ్విండు.
"అంగీలకు అలైన్‌మెంటుకు ఏం సంబంధం లేదు భాయ్,
అదంత నీ మనసుల ఉన్నది."

గొంతుకూసున్నడు. అరచెయ్యి టైరు లోపలంచుకు రాసిండు.
నున్నగ. ఇంకో నెలైతే తీగ తేలుతుండె.
అట్లనే ఒంగి నా చెప్పులు జూసిండు,
అవి గూడ ఒక్క పక్కనే అరిగినయి.
ఏమనలే.

నాలుగు చక్రాలకు నాలుగు పలకలు బిగించిండు.
స్టీరింగు కదలకుంట కర్ర పెట్టిండు.
తెర మీద ఎర్రగ అంకెలు లేచినయి.
"టో అంటే కాలివేళ్ళే.
కొత్తగ నిలవడ్డ పోరడు పాదాలు బయటికి పెడ్తడు జూడు, గట్ల.
ముందు ఎడమది. ఇరవై రెండు నిమిషాలు తప్పింది."
"నిమిషాలేంది ఉస్తాద్?"
"డిగ్రీకి అరవై నిమిషాలు.
గడియారమొక్కటే అనుకున్నవా నిమిషాలు తినేది?"

రంజాన్ ఆఖరు రాత్రి.
తెల్లారితే పండుగ, ఊరందరికీ ఉతికిన బట్టలు కావాలె.
నూటపది ఇండ్లు. ఆఖరుకు మిగిలింది ఒక్క సంచి.
రెండున్నరకు అల్ నహ్దా కాడ యూటర్న్ తిప్పుతుంటే
రెప్ప పడ్డది.
రెప్పే. నిద్ర అని గూడ అనరాదు దాన్ని.
నడిమి గట్టుకు చక్రం దన్ని లేపింది నన్ను.
దిగి, సెల్లు లైటు వెట్టి జూసిన: రంగు పోలే, రిమ్ము వంగలే.
సంచిల బట్టలు మడత చెదరలే.
ఏం గాలేదనుకున్న.
ఎవ్వలకు జెప్పలే.
గా రెప్పపాటే ఈడ ఇరవై రెండు నిమిషాలయి కూసున్నది,
ఎర్రగ.

ఉస్తాద్ కిందికి దిగి పాన వట్టిండు.
నట్టు రాలే. నూనె పోసిండు, తిట్టిండు, మళ్ళ పట్టిండు.
కదిలింది.
ఇరవై రెండు, పదిహేడు, తొమ్మిది...
అరచుట్టు గూడ తిప్పలేదనుకుంట,
అంకె పచ్చవడ్డది.
గంతేనా? మూడు నెలలు మోసింది గింతేనా?

బిల్లు ఎనభై దిర్హాములు. సేట్ కిచ్చే కాయితం మీద
'కారణం' అని ఒక గడి.
పెన్ను గడి మీద ఆనిచ్చి నా మొకం జూసిండు.
నేను రోడ్డవతల టైర్ల కుప్ప దిక్కు జూసిన.
"రోడ్డు" అని రాసిండు.
ఒక్క ముక్క. అబద్ధం అనలేం.
జీతంల ఎనభై మిగిలినయి.

ఎనిమిదింటికి బట్టలెత్తుకొని అజ్మాన్ రోడ్డెక్కిన.
ముందల ఎవ్వరు లేనికాడ
రెండు చేతులు ఇడిసిపెట్టి జూసిన ఒక్క గడియ:
బండి గీత గీసినట్టు పోయింది. శభాష్ ఉస్తాద్.
చేతులు మళ్ళ పెట్టిన.
బండి కుడికి వోతాంది.
మళ్ళ ఏమైందిరా అని బుగులువడ్డ,
మిషినికి పోదామా తిరిగి?
జూస్తే, గుంజుతున్నది నా కుడిభుజం.
మూడు నెలల సంది ఎడమకు పోకుంట ఆపుతనే ఉన్నది,
ఆపే పని లేదని దానికెవరు జెప్పిండ్రు?

వేళ్ళు ఒక్కొక్కటే వదులు జేసిన.
అద్దంల జూసిన.
కందూరలన్నీ, మెల్లగ,
కుడి దిక్కు జరుగుతున్నయి.