ఊడిన పన్ను

మిర్యాలగూడల, ఖమ్మం రోడ్డు మీద,
ఎరువుల దుకాణం పైన మా ఆఫీసు.
మెట్లెక్కుతుంటే యూరియా వాసన.
కిటికీ తెరిస్తే మిల్లుల ఊకధూళి కీబోర్డుల పడ్తది.
ముగ్గురం. రెండు కుర్చీలు.

మేం చేసింది ఒక్కటే.
వడ్లగింజను పండ్ల నడుమ పెట్టి కొరికితే
ఆ చప్పుడు ఫోను వింటది,
తేమ ఎంతో చెప్తది:
పదిహేడా, ఇరవై రెండా,
ట్రాక్టరు కాంటా ఎక్కాల్నా
ఇంకో రెండ్రోజులు కల్లంల ఎండాల్నా.

ఫోనుకు వినుడు నేర్పింది జానయ్య.
ముప్పై ఏండ్లు మిల్లుల హమాలీ.
పటుక్కుమంటే ఎండినట్టు,
మెత్తగ నలిగితే పచ్చి.
నడుమ ఇంకెన్ని చప్పుళ్లున్నయో
ఆయన దవడకే ఎరుక.
నెల రోజులు, పూటకు రెండొందల గింజలు
ఆయన కొరికిండు, మేం పట్టుకున్నం.
చాయ తాపినం. రోజు కూలి ఇచ్చినం.
కాయితం మాట
ఎవ్వరికీ యాదికి రాలే.

నల్లగొండల వకీలు తబస్సుమ్ ముందల కూసున్నం.
"లెక్కకు పేటెంటు రాదు,
ఒట్టి ప్రోగ్రాముకు అసలే రాదు.
రాసిన కోడు రాసిన్నాడే మీది,
రిజిస్టరు చేస్తే సాక్ష్యం గట్టిపడ్తది.
పేరుకు ట్రేడ్‌మార్కు వేద్దాం గానీ
'తేమ' అని పెట్టుకుంటే
ఊరందరి మాట మీ ఒక్కరిదెట్లయితది?
ఇక మిగిలింది రహస్యం.
రహస్యమంటే తాళం కాదు బాబూ,
తాళంచెవి ఎవరెవరి దగ్గరుందో
రాసిపెట్టుకున్న కాయితం."

పేరు 'పటుక్కు' అని పెట్టినం.
ఆమె నవ్వింది, దరఖాస్తు నింపింది.
ఉపేందర్ సంతకం పెట్టిండు, నేను పెట్టిన,
పని నేర్చుకోనొచ్చిన స్ఫూర్తి సుత పెట్టింది,
రాసేదంతా కంపెనీదే అని,
బయట నోరిప్పమని.

వానకాలం వడ్లు దిగే యాళ్లకు
హుజూర్‌నగర్ దిక్కు ఇంకో యాప్ లేసింది.
రంగు వేరు, పేరు వేరు,
ధర మాదాంట్ల సగం.
ఉపేందర్ రెండు రాత్రులు నిద్రపోలే.
స్ఫూర్తి మాత్రం సంచి నిండ గింజలు తెచ్చుకొని
రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి
దవడలు గుంజేదాకా కొరికింది.

చిట్టిముత్యాల కాడ మాది
అర పాయింటు తప్పుతది, మొదటి నుంచీ.
జానయ్యకు కుడి దవడపన్ను లేదు.
దొడ్డుగింజ ఎట్లనో పట్టుకుంటడు,
సన్నది మాత్రం నాలుకతోని ఎడమకు జరుపుకుంటడు.
ఆ జరుపుట్ల ఓ చిన్న తడి చప్పుడు.
దిద్దుదాం దిద్దుదామనుకుంట వదిలేసినం.

వాళ్లది గూడ చిట్టిముత్యాల కాడ్నే,
గూడ అర పాయింటే.
దొంగకు సుత అదే పన్ను ఊడింది!

పడీపడీ నవ్వినం.
కింద దుకాణపాయన పైకొచ్చి చూసి పోయిండు.

నోటీసు రాస్త రాస్త
వకీలమ్మ పెన్ను ఆపింది.
"ఆ చప్పుళ్లు మీవేనని కాయితం ఏది?"

కోడుకు కంచె ఏసినం. పేరుకు ఏసినం.
మా నోళ్లకు మేమే ఏసుకున్నం.
ఆ కంచె బయట
తువ్వాల దులుపుకుంట నిలబడ్డడు జానయ్య.

మిల్లు షెడ్డు కాడికి పోయి
ఒకటికి రెండుసార్లు చెప్పినం.
ఆయన బుగ్గలోపల నాలుకతోని
ఆ ఖాళీని తడుముకున్నడు.
"అంటే ఊడిన పన్ను గూడ ఆస్తేనా?"
అవునన్నం.
"దానిమీద సర్కారుకు పన్ను కట్టాల్నా?"
హమాలీలందరు నవ్విండ్రు.
ఆయన నవ్వలే.
"కూలి ఇచ్చిండ్రు, అది కొరికినందుకు.
ఈ కాయితంల రాసింది
నాకు ఎరుకైనదాని గురించి గదా?"

చదివిపిచ్చుకుంటనని మడతపెట్టి
అంగి జేబుల పెట్టుకున్నడు.
పక్క బస్తాలకెళ్లి ఒక గింజ తీసి
పండ్ల నడుమ పెట్టిండు.
అలవాటు కొద్ది నా చెయ్యి ఫోను మీదికి పోయింది.
తీసుకున్న.

కొరికి, ఊంచి,
"ఇంకా పచ్చిగనే ఉంది" అన్నడు.
గింజనా, కాయితమా
అడిగే ధైర్యం ముగ్గుర్ల ఎవ్వరికీ లేకపాయె.