లేడీ విలన్ కాటా

గుణుపురంలో పత్తి లారీల కాటా నాది.
రూపాయి కాసంత బొట్టు,
మిరపపండు లిప్‌స్టిక్కు, మోచేతిదాకా గాజులు.
"సీరియల్లో లేడీ విలన్ దిగిందిరోయ్!"
ఒకడు తెలుగులో అంటాడు, ఇంకొకడు ఒడియాలో నవ్వుతాడు.
నవ్వండి.

ఏడ్చే కోడలికి వెలిసిన చీర,
లెక్కలు తెలిసిన ఆడదానికే ఈ మెరుపులన్నీ.
బీరువా తాళాలూ ఆవిడ బొడ్లోనే.
ఏ వేషం కావాలని నన్నెవరూ అడగలేదు,
నేనే తీసుకున్నాను.

నిన్న బరంపురం లారీ. తూకంలో ఏదో తేడా.
ఎడమ కనుబొమ్మ ఎత్తాను
మూడుసార్లు,
ఢాం ఢాం ఢాం లోపల నేనే వాయించుకుంటూ.
టార్పాలిన్ కింద ఎవరో తుమ్మారు.

దిగొచ్చాడు క్లీనరు టుకునా,
యాభై కేజీలు, తలనిండా దూది.
"మేడమ్, ఆ గోళ్లరంగు ఏ షాపులో? మా అక్కకి."

చీటీ వెనకాల రాసిచ్చాను.
ముందువైపు, యాభై తగ్గించి.