నలభై రెండు చెట్ల లెక్క

కాశీనగరానికి దిగువన, వంశధార గట్టు వార
కొబ్బరి నీడలో నావి నలభై రెండు చెట్లు.
కోకో కొమ్మ చివర కాయదు, మానుకే కాస్తుంది,
ఒంటికి లేచిన సెగ్గడ్డల్లాగ.
పండితే పసుపు.
పండకముందే ఉడత.

ఆదివారం బడి వరండాలో మీటింగు.
కొండమీది సవరపేట నుంచి దిగొచ్చిన రోజలిన్ గొమాంగో
ఒడియా కాగితం మాకు తెలుగులో చదివింది:
వాటాధనం వెయ్యి,
గింజలు పచ్చివే ఇవ్వాలి,
డబ్బులు ఇరవై రోజులకి బ్యాంకులో.
"ఇరవై రోజులేటి?" అన్నాడు మా బావ దాలినాయుడు.
"అయితే కడుపుకి కూడా ఓ కాయితం రాసియ్యాల."

గున్నయ్యయితే ఆ పూటే ఇస్తాడు.
బత్తిలి నుంచి బండి మీద వస్తాడు,
సంచిలో కాటా, చొక్కా జేబులో నోట్లు.
కాటా కిలోకి వంద గ్రాములు తింటుందని
నాకూ తెలుసు, గున్నయ్యకీ తెలుసు,
కాటాకి ఎలాగూ తెలుసు.
కానీ నా మొగుణ్ణి కట్లపాము కరిచిన రాత్రి
ఏరు దాటించి పాతపట్నం ఆసుపత్రిలో దింపింది ఆ బండే.
ఆ వంద గ్రాములు ఇప్పుడు నేను ఏ ఖాతాలో రాసుకోవాలి?

మా మావ ట్రంకుపెట్టెలో ఒక పాసుబుక్కు ఉంది,
గోగునార సొసైటీది.
నీలం సిరా, గుండ్రటి ముద్ర, నూట డెబ్బై రూపాయల నిల్వ.
సొసైటీ పోయింది, సెక్రటరీ పోయాడు, మావా పోయాడు.
అట్టంతా తిన్న చెదలు
ఆ అంకె జోలికి మాత్రం రాలేదు.

పొలం ఇంకా ఆయన పేరునే.
"సచ్చినోడు మెంబరెలాగవుతాడే అమ్మా?" అన్నాను.
రోజలిన్ నవ్వలేదు.
"పట్టా అక్కర్లేదు, చెట్లెన్నో చెప్పు చాలు.
సంతకం తెలుగులో పెట్టినా పరవాలేదు."
తర్వాత కాగితాలు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా,
"మా అమ్మ మీ కళ్లంలోకి కూలికొచ్చేది, గుర్తుందా?" అంది.

గుర్తుంది.
ఆమెకి గింజలు కొలిచిన కుంచం గుర్తుంది.
కుంచం అడుగున నేను నొక్కిపెట్టిన గోనెముక్క కూడా.
దానికి ఆ కాగితంలో గడి లేదు.

పోయిన వానల్లో ఒక్కదాన్నే పులియబెట్టి చూశాను.
పన్నెండు కిలోలు, అరిటాకు పరిచిన బుట్ట, మీద తడిగోనె.
వేడి పుట్టలేదు.
అయిదో నాటికి తెల్లగా బూజు.
గున్నయ్య గింజ కొరికి, ఉమ్మి, సగం రేటన్నాడు.
ఆ రోజు మాత్రం అతను మోసం చెయ్యలేదు.

రోజలిన్ చెక్కపెట్టెకి పదిమంది గింజలు కావాలట,
లోపల సెగ పుట్టాలంటే.
ఇందులో నీతి వెతక్కండి.
ఐకమత్యం సంగతి బ్లాకాఫీసరు చెప్పుకుంటాడు, ఆయనకి మైకుంది.
నాకు కావలసింది బూజు పట్టకపోవడం.

మొన్న పొద్దున్న పదహారు కిలోలు పెట్టెలో పోసొచ్చాను.
ఆరు కిలోలు గున్నయ్యకని మంచం కింద దాచాను.
ఈ మాట బావకి చెప్పలేదు,
గున్నయ్యకి అంతకంటే చెప్పలేదు.
కాగితం ఖాళీగానే ఉంది,
మావ పాసుబుక్కులో మడిచిపెట్టాను.
అవీ అవీ ఏదో ఒకటి తేల్చుకుంటాయి.

ఇవాళ మూడోరోజు. పెట్టె తిరగెయ్యడం నా వంతు.
మూత తీస్తే పొంగిన కల్లుకుండ వాసన.
మోచేతి దాకా చెయ్యి పెట్టాను.
చుర్రుమంది.
తీసి చూసుకున్నాను, మళ్లీ పెట్టాను.

పెట్టె పక్కన మడిచిన ఖాళీ సంచుల్లో ఒకదానికి
ఎర్ర లుంగీగుడ్డతో మాసిక.
ఆ మాసిక వేసింది నేనే,
దాలినాయుడి సంచికి, పోయిన దసరాకి.
వాడూ నాకు చెప్పలేదన్నమాట.

ఇంటికి తిరిగొస్తుంటే కళ్లం దగ్గర బండి హారను.
వాసన చూసే గింజ వయసు చెప్పగలడు గున్నయ్య.
చెంగుతో ఎంత తుడిచినా
చెయ్యి ఇంకా పుల్లగానే ఉంది.