గూడు కట్టని చంద్రుళ్లు

బ్లాంటైర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి
ఇంక్యుబేటర్ తలుపు తీస్తాను.
అరచేతంత పళ్లెంలో గంజిరంగు జున్ను,
దాని మీద ఆరు మందుబిళ్లలు,
ఆరు చిన్న చందమామలు.

మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ వరదగూడు కడుతుంది.
క్రిమి కాలు పెట్టలేని తేట వలయం.
దూరపు గూడు దగ్గర వాన అంటారే,
ఇక్కడా అంతే.
స్కేలు పెట్టి కొలుస్తాను,
ఒక బిడ్డకు ఎన్ని మిల్లీమీటర్ల చోటు మిగిలిందో.

నాలుగో మంచం.
ఇంకా పేరు పెట్టలేదు, ఫారంలో 'తాదలా బిడ్డ' అని ఉంది.
పుట్టి తొమ్మిది రోజులు, బరువు కిలోన్నర.
ఒక్క చంద్రుడికీ గూడు లేదు.
బిళ్లల అంచుదాకా పాకింది
నున్నగా, ఏ తొందరా లేకుండా.

నిన్న ఏడో మంచం. మొన్న పదకొండు.
అన్నిటిదీ ఒకే పోలిక.

మంచాలకు కాళ్లున్నాయి గానీ నడవవు కదా,
మరి నడిచిందెవరు?
దూదిపుల్లలు పట్టుకుని వార్డంతా వెతికాం
నేనూ, సిస్టర్ న్యాసులూ.
తూకం పళ్లెం, ముక్కుగొట్టం, తలుపు గొళ్లెం.
సింకు గొంతులో దొరికింది,
ఎప్పటినుంచో కాపురముంటున్నట్టు.

ఇంకొకటి కూడా తెలిసింది.
కుట్లతో తాదలా లేవలేకపోతే
పదకొండో మంచం ఎనిఫా
తన బిడ్డను పడుకోబెట్టి వచ్చి
వీడి మూతి తుడిచింది, గుడ్డ మార్చింది,
మూడు రాత్రులు భుజాన వేసుకుని తిప్పింది.
మంచి హస్తవాసి అన్నారు అందరూ.
రాత్రి పదింటికే నీళ్లు ఆగిపోతాయి ఇక్కడ.
రిపోర్టులో దీనికి గడి లేదు.
ఉన్నా రాయను.

డాక్టర్ ఫోను: "ఏదో ఒకటి చెప్పు, లింబికానీ."
ఏడో బిళ్ల కూడా వేసి చూశాను,
దానికి సన్నగా గూడు కట్టింది.
ఆ మందు మా బీరువాలో లేదు.
లిలాంగ్వేలో ఉందేమో కనుక్కుంటున్నారు.
ఎవరి కారులోనో రావాలి, వస్తే.

ఏడింటికి తాదలా వచ్చింది,
మరో నెత్తురు సీసా పట్టుకుని,
గోడ ఆసరాతో, మెల్లగా.
"మావాడిది ఏది?"
చూపించాను, ఎందుకు చూపించానో.
అద్దం మీదికి వంగి చాలాసేపు చూసింది.
ఎక్కడా బోడి లేకుండా మొలిచిన
మొక్కజొన్న చేను కనబడిందేమో,
"బాగా నిండుగా ఉంది" అంది,
మొహం కాస్త తేటపడింది.

మూత పెట్టేశాను.
చేతులు కడుక్కుందామని వెళ్లి
కుళాయి ముందు నిలబడ్డాను,
తిప్పకుండా.