కదలకూడని పండు

పటం మీద ఎర్రసిరాతో గీసిన వలయానికి
నడిబొడ్డు ఎవ్దోకియా పెరడు.
మొదటి ఈగ అక్కడే దొరికింది,
బాదంచెట్టుకు నేను వేలాడదీసిన సీసాలో.
వడ్లగింజంత ఒళ్లు, భుజాల మీద పసుపు మచ్చలు.
"దీనికేనా ఇంత హడావిడి?" అంది
కళ్లజోడు సవరించుకుని.

దీనికే.
రెన్మార్క్ రోడ్డు మీద కార్లాపి డిక్కీలు తెరిపించేది,
బడిపిల్లల డబ్బాల్లోంచి నారింజ తొనలు ఏరించేది.
పక్కతోట డెస్మండ్ పంట నలభై టన్నులు
శీతల గదిలో రోజులు లెక్కపెట్టుకుంటోంది,
ఏ ఓడా రమ్మనక.

మొదటి వారాలన్నీ ఎర.
ఆకుల మీద గరిటెడంత, చెట్టుకొక చోట.
రాలిన అత్తిపళ్లు నల్లసంచిలో మూతికట్టి
ఎండకు వదిలేస్తాను, లోపలి పురుగు ఉడికేదాకా.
సంచి ఉబ్బుతుంది. పులిసిన కల్లు వాసన.
నా చొక్కాను మా ఇంట్లో విడిగా ఉతుకుతారు.

తర్వాత విమానం వచ్చింది.
గొడ్డు ఈగల్ని లక్షల్లో చల్లి పోయింది,
ఒంటినిండా గులాబీ పొడి.
"పెళ్లికొడుకుల్లా ఉన్నాయే!"
పెళ్లికొడుకులే, పిల్లలే పుట్టరు, అన్నాను.
"పాపం, ఆ సంగతి వాటికి తెలుసా?"
నా కాగితాల్లో ఆ ప్రశ్నకు గడి లేదు.

త్రాసోస్ పోయింది ఈ గొడవ మధ్యలోనే.
నలభయ్యో రోజున చర్చిలో గోధుమలు పెట్టాలి:
ఉడికించిన గోధుమ, చక్కెర, బాదంపప్పు,
పైన దానిమ్మ గింజలు, పచ్చివి,
ఆయన నాటిన చెట్టువే.
చర్చి వలయానికి రెండు వీధుల అవతల.

"ఉడికిస్తే తీసుకెళ్లొచ్చు," అన్నాను.
ఆమె నా వంక చూసిన చూపుకి
చేతిలో రసీదు పుస్తకం బరువెక్కింది.
"కొట్లో కొన్నవైతే బిల్లు చూపించి..." అనబోయి
నోరు మూసుకున్నాను.

చాలాసేపు చెట్టు కింద నిలబడింది.
ఒక కాయ పగిలి నవ్వుతోంది.
"కోరీ," అంది. వాళ్ల భాషలో బిడ్డా అని.
"కదలకూడనిది పండే కదా?"
"పండే."
"ఫాదర్ అనార్గిరోస్ పండు కాదుగా?"

ఆదివారం చర్చే వచ్చింది.
మడత కుర్చీలు, నల్లకోట్లు,
ఎర సీసాకు తగలకుండా ఊగిన సాంబ్రాణి ధూపం.
డెస్మండ్ టోపీ తీసి కంచె దగ్గరే ఆగిపోయాడు.
నేను గేటు దగ్గర సంచి పట్టుకుని
వెళ్లేవాళ్ల చేతులు చూశాను, జేబులు తడిమాను,
క్షమించమని అంటూనే.

ఒక పిల్లాడి కోటు గుండీకి
అంటుకుని ఉంది ఒక్క గింజ.
గిల్లి తీశాను.
సంచిలో వేయాలి.
నోట్లో వేసుకున్నాను.
గేటుకు ఇవతలే ఉన్నాను, అది తప్పు కాదు.

ఆ వారం సీసాలో పదకొండు ఈగలు.
దీపం కింద పెట్టి చూశాను.
అన్నీ గులాబీవే.