కొలత లేదు

పుంటా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజు
మునిసిపాలిటీవాళ్లు కూడళ్లలో తాళ్లు కడతారు.
బ్యాంకుకు పోయేవాళ్లూ, బడి వదిలిన పిల్లలూ
తాడు పట్టుకునే రోడ్డు దాటతారు.
అక్కడి చెట్లు నిలువుగా పెరగడం ఏనాడో మానుకున్నాయి.
కొమ్మలన్నీ తూర్పుకే,
పిలిచినా తిరిగి చూడని మనుషుల్లా.

ఎర్సీలియా మాన్సీయా విమానాశ్రయం పక్కన
ఇరవై ఆరేళ్లుగా బెలూన్లు వదులుతోంది.
తెల్లటి రబ్బరు, కింద పాలపొట్లమంత పరికరం.
పసిపిల్లకు తల నిలిపినట్టు రెండు చేతులా పట్టి
గాలి ఊపిరి తీసుకునే సందు కోసం చూస్తుంది.
వదిలిన మరుక్షణం అది ఆమెది కాదు.
అట్లాంటిక్ మీద ఎక్కడో పగిలిపోతుంది.

ఆమెకు దొరికేది నెత్తిమీద గాలే.
పడమట?
న్యూజిలాండ్ దాకా నీళ్లు.
బెలూను పట్టే చెయ్యి ఒక్కటీ లేదు.
రేపటి తుఫాను అక్కడే పుట్టి, అక్కడే నడక నేర్చి,
మీసాలొచ్చాకే గుమ్మంలోకి వస్తుంది.
సొంత నోటుబుక్కులో, పడమటి గడిలో
ఏళ్ల తరబడి ఆమె రాసింది రెండే మాటలు:
కొలత లేదు.

మా భాషలో గాలిమాట అంటే నమ్మరాని మాట.
గాలికొదిలేయడమంటే ఇక పట్టించుకోకపోవడం.
గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారమన్నవాణ్ని చూసి
తరతరాలుగా నవ్వుతూనే ఉన్నాం.
నవ్వితే నవ్వనీ అని ఎవరో
గాలిలో పెట్టడానికే ఒక దీపం చేశారు.

మూడువందల కిలోమీటర్ల పైన,
కంటికి ఆనని ఊదా వెలుతురు.
కిందికి దిగి, దుమ్మునీ మబ్బుతునకనీ
ఒక్కోసారి ఉత్త గాలినీ తాకి
పిసరంత వెనక్కొస్తుంది,
ఎదురొచ్చే గాలిని తాకితే కాస్త బిగిసి,
దూరమయ్యే గాలిని తాకితే కాస్త సడలి.
దీపం ఆరిందా అని ఎవరూ అడగలేదు,
ఎటు రెపరెపలాడిందని అడిగారు.

మొదట్లో అది అబద్ధాలూ చెప్పింది.
భూమి వేడి సోకి అద్దం వెంట్రుకవాసి వంగితే
గాలికి లేని తొందర అంటగట్టేది.
ఇంగ్లండులో రాత్రి డ్యూటీలో, చల్లారిన టీ ముందు,
గ్వెన్‌లియన్ ప్రాథరో ఆ అబద్ధాన్ని కొలిచింది.
ఎంత అబద్ధమో తెలిస్తే చాలు, తీసేయొచ్చు.
మిగిలిన గాలిని యంత్రం నిన్నటి ఊహ పక్కన కూర్చోబెట్టి
ఎవరి మాట ఎంత నమ్మాలో తేల్చి, ఇద్దరికీ రాజీ చేసింది.

ఒక ఆగస్టు మంగళవారం
పసిఫిక్ నడుమ, తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున,
గాలి అనుకున్నదానికన్నా సెకనుకు నాలుగు మీటర్లు ఎక్కువ.
అంతే.
సైకిలు మీద పోస్టుమాన్ వేగం.
తుఫాను రాక ఏడు గంటలు ముందుకు జరిగింది.

రేవులో నోల్బెర్తో కార్కామో
పీతల బోనులు అప్పటికే పడవెక్కించేశాడు.
రేవు మూశారంటే గార్డుని తిట్టాడు,
అద్దంలాంటి ఆకాశాన్ని వేలితో చూపించి మళ్లీ తిట్టాడు.
కొన్న ఎర కుళ్లింది.
ఇంటికెళ్లి కారు టైరు మార్చుకున్నాడు.
సాయంత్రం నాలుగింటికి జలసంధి తెల్లబడింది.
మునగాల్సిన పడవ
లంగరు దగ్గర ఊగుతూనే ఉంది.
పేపర్లో ఏమీ రాలేదు.
జరగనిదానికి విలేకరి ఉండడు.
నోల్బెర్తోకి ఈనాటికీ ఆ ఎర డబ్బుల మీదే బెంగ.

ఆ కొన్నేళ్లూ పడమటి గడిలో అంకెలు ఉండేవి.
తర్వాత ఇంధనం అయిపోయింది.
అంటార్కిటికా పైన కాలి రాలిందని రేడియో చెప్పినప్పుడు
ఎర్సీలియా రొట్టె కోస్తోంది.
కొయ్యడం ఆపలేదు.
మర్నాడు గడిలో పాత రెండు మాటలే రాసింది.
రాసి, ఎన్నడూ లేనిది, కింద చిన్న అక్షరాల్లో చేర్చింది:
మొన్నటిదాకా ఉండేది.

తొమ్మిదవుతోంది. రబ్బరు నిండుతోంది.
తల నిలిపి పట్టుకుని
సందు కోసం చూస్తోంది.